నెల్లూరు కయ్యల నుంచి స్ట్రాటో ఆవరణం దాకా: గ్యాసుల ప్రయాణాన్ని మోడల్ చేయడంపై తరచుగా అడిగే ప్రశ్నలు

కోవూరు పక్కన మా ఊరికి వెళ్ళినప్పుడల్లా అరుగు మీద కూర్చునే పెద్దాయన ఒకాయన అడుగుతాడు: "అబ్బయ్యా, నువ్వు చేసే పని ఏంది?" పాతిక ముప్పై కిలోమీటర్ల ఎత్తులో ఏ గ్యాసు ఎటు పోతోందో కంప్యూటర్లో లెక్క కడతాను పెద్దయ్యా, అంటాను. "సరేలే, ఈ ఏడు సోమశిలకి నీళ్ళొస్తాయా?" అంటాడు. దానికి నా దగ్గర జవాబు ఉండదు. మిగతా ప్రశ్నలకు మాత్రం ఎంతో కొంత ఉంది. డిగ్రీ పిల్లలు, ఒంగోల్లో ఫిజిక్స్ చెప్పే మిత్రులు, పెళ్ళిళ్ళలో కలిసే బంధువులు అడిగినవన్నీ ఇక్కడ ఒకచోట పెట్టాను. వరసగా చదవక్కర్లేదు. గాలి వయసు గురించిన ప్రశ్న ఒక్కటి మాత్రం దాటేయొద్దు. మిగతావన్నీ దాని చుట్టూనే తిరుగుతాయి.

ట్రేస్ గ్యాసులంటే ఏవి?

గాలిలో నైట్రోజన్ 78 శాతం, ఆక్సిజన్ 21, ఆర్గాన్ ఒక శాతానికి కాస్త తక్కువ. ఈ మూడూ పోగా మిగిలిన చిల్లరంతా ట్రేస్ గ్యాసులే. మీథేన్ పది లక్షల్లో సుమారు 1.9 వంతు. నైట్రస్ ఆక్సైడ్ వంద కోట్లలో 335కి పైన. ఒకప్పటి ఫ్రిజ్జుల్లో వాడిన సీఎఫ్‌సీలు లక్ష కోట్లలో కొన్ని వందలు. నీటి ఆవిరి సంగతి ఇంకా విడ్డూరం. మైపాడు బీచిలో చొక్కా తడిసిపోయేంత ఉక్కలో అది గాల్లో రెండు మూడు శాతం ఉంటుంది. అదే స్ట్రాటో ఆవరణంలోకి వచ్చేసరికి పది లక్షల్లో నాలుగైదు వంతులే. మధ్యలో ఏమైందో కింద చెప్తాను.

స్ట్రాటో ఆవరణం మన నెత్తి మీద ఎంత ఎత్తులో మొదలవుతుంది?

నెల్లూరు, ఒంగోలు మీద సుమారు 17 కిలోమీటర్ల దగ్గర. ధ్రువాల దగ్గరైతే ఎనిమిది, తొమ్మిదికే మొదలవుతుంది. పైన 50 కిలోమీటర్ల దాకా ఉంటుంది. రోహిణీ కార్తెలో రోళ్ళు పగిలే ఎండలో నిలబడి తలెత్తి చూడండి. నిట్టనిలువునా 17 కిలోమీటర్ల పైన మైనస్ 80 డిగ్రీలకు అటూ ఇటూగా ఉంటుంది. ఆ హద్దు పేరు ట్రోపోపాజ్. వేడి దేశాల మీదే ఆ హద్దు అన్నిటికంటే ఎత్తు, అన్నిటికంటే చలి.

అక్కడి నుంచి పైకి పోయేకొద్దీ మళ్ళీ వేడి పెరుగుతుంది. ఓజోన్ అతినీలలోహిత కిరణాలను పీల్చుకుని చుట్టూ ఉన్న గాలిని వేడెక్కిస్తుంది. కింద చల్లన, పైన వెచ్చన అయితే గాలి కలగలవదు. చేపల పులుసు చల్లారాక పైన నూనె తేట కట్టి నిలబడినట్టు పొరలు పొరలుగా ఉండిపోతుంది. "స్ట్రాటో" అంటేనే పొర.

అంత నిశ్చలంగా ఉంటే గ్యాసులు పైకి ఎలా పోతాయి?

అడ్డంగా చూస్తే అది నిశ్చలమేమీ కాదు. శీతకాలపు జెట్ గాలులు గంటకు 180 కిలోమీటర్లు దాటి వీస్తాయి. నిలువుగా చూస్తేనే నిదానం. మన అక్షాంశాల మీద గాలి పైకి లేచే వేగం సెకనుకు మిల్లీమీటరులో పావు వంతు. అంటే రోజుకు 20 మీటర్లు చిల్లర. చీమ దీనికంటే ఎన్నో రెట్లు జోరుగా నడుస్తుంది.

ఇలా వేడి దేశాల మీద పైకి లేచి, ధ్రువాల వైపు మళ్ళి, అక్కడ కిందికి దిగే ఈ పెద్ద చక్రానికి బ్రూవర్-డాబ్సన్ ప్రసరణ అని పేరు. ఇంగ్లండ్ మీద విమానంలో కొలిస్తే స్ట్రాటో ఆవరణం ఊహించిన దానికంటే చాలా పొడిగా కనబడిందని శాస్త్రవేత్త బ్రూవర్ 1949లో అచ్చువేశాడు. అంత పొడిగా కావాలంటే ఆ గాలి ఎక్కడో విపరీతమైన చలిలోంచి దూరి వచ్చి ఉండాలి. అంత చలి ఉన్నది వేడి దేశాల ట్రోపోపాజ్‌లోనే. ఉక్కపోతలో లేచిన ఆవిరంతా ఆ మైనస్ 80 దగ్గర మంచు పలుకులుగా రాలిపోతుంది, పొడిగాలి మాత్రం లోపలికి పోతుంది. డాబ్సన్ ఇదే దారికి ఓజోన్ కొలతల వైపు నుంచి వచ్చాడు. ఓజోన్ ఎక్కువగా తయారయ్యేది ఎండ మెండుగా ఉన్న మన నెత్తి మీద. ఎక్కువగా పోగుపడేది మాత్రం ధ్రువాల వైపు. తయారైన చోటు నుంచి ఎవరో మోసుకుపోతే తప్ప ఇలా జరగదు.

ఈ చక్రాన్ని తిప్పేది వేడి కాదా?

చాలామంది పొరపాటు పడేది ఇక్కడే. పొయ్యి మీద గిన్నెలో నీళ్ళు మరిగి పైకి లేచినట్టు కాదు. శీతకాలంలో కొండల వల్ల, నేల-సముద్రాల తేడాల వల్ల పుట్టే పెద్ద పెద్ద అలలు పైకి పాకి స్ట్రాటో ఆవరణంలో విరిగిపోతాయి. విరిగినప్పుడు అక్కడి పడమటి గాలికి బ్రేకు వేస్తాయి. భూమి తిరుగుతోంది కనక వేగం తగ్గిన గాలి ధ్రువం వైపు జారుతుంది. ఆ ఖాళీని నింపడానికి మన వైపు నుంచి గాలి పైకి లాగబడుతుంది. కింద నుంచి ఎవరూ నెట్టడం లేదు, బోరు మోటారు నీళ్ళు లాగినట్టు పైనుంచి పీల్పు. మోడల్‌లో ఈ అలలు సరిగా లేకపోతే మిగతాది ఎంత బాగా రాసినా దండగే.

మరి నవంబరు తుపాను, నైరుతి మేఘాలు నేరుగా పైకి మోసుకుపోవా?

కొన్ని మేఘాల తలలు ట్రోపోపాజ్‌ను గుద్దుకుని కాస్త లోపలికి పొడుచుకుపోతాయి, నిజమే. కానీ ఉరుముల మేఘాలు ఎక్కువ భాగం తమ గాలిని 12-14 కిలోమీటర్ల దగ్గరే వదిలేస్తాయి. అక్కడి నుంచి సుమారు 15 కిలోమీటర్ల గీత దాటిన గాలి మాత్రమే సూర్యరశ్మికి, ఇతర కిరణాలకు నెమ్మదిగా వేడెక్కుతూ పైకి పోతుంది. దాటలేనిది చల్లబడి మళ్ళీ కిందికి దిగుతుంది. మేఘం లిఫ్టు లాంటిది. పై అంతస్తుకు అది వెళ్ళదు, ఆఖరి మెట్లు నడిచి ఎక్కాల్సిందే.

నైరుతి రుతుపవనాల కాలం వేరే ముచ్చట. అప్పుడు టిబెట్ నుంచి మన దాకా ఆకాశంలో ఒక బ్రహ్మాండమైన సుడి ఏర్పడి, కింది పొగా దుమ్మూ గ్యాసులను నెలల తరబడి తనలో పట్టి ఉంచుతుంది. దాని దక్షిణపు అంచునే ఉష్ణమండల తూర్పు జెట్ అంటాం. దాన్ని 1950ల్లో కనిపెట్టి లోకానికి చెప్పింది పంచేటి కోటేశ్వరం, తర్వాత భారత వాతావరణ శాఖకు అధిపతి అయిన మన తెలుగాయన. ఆ సుడిలో ట్రోపోపాజ్ దగ్గర పలచని ధూళి పొర ఒకటి ఉందని ఉపగ్రహం డేటాతో 2011లో బయటపడింది. దాన్ని తడిమి చూడటానికి 2014 నుంచి ఇస్రో, నాసా కలిసి హైదరాబాదు, గాదంకి లాంటి చోట్ల నుంచి బెలూన్లు ఎగరేశాయి. ఆ పొరలో అమ్మోనియం నైట్రేట్ ఉందని తర్వాత తేలింది. అమ్మోనియాకు పెద్ద మూలం వ్యవసాయం. అంటే రైతు చల్లిన ఎరువు వాసన అక్కడి దాకా పోయిందన్నమాట.

గాలికి వయసేంటి?

కండలేరు జలాశయం దగ్గరికి వెళ్ళి ఒక బిందెడు నీళ్ళు ముంచండి. ఆ నీళ్ళ వయసెంత? కొంత నిన్న సోమశిల నుంచి కాలవలో వచ్చింది. కొంత పోయిన ఏడాది వచ్చి ఓ మూల నిలిచింది. కొంత ఇంకా పాతది. ఒక్క వయసు లేదు, వయసుల కలగలుపు ఉంది. సగటు మాత్రం చెప్పగలం. పెన్నా వరద ఏ నెలలో ఎంత వచ్చిందో తెలిస్తే ఆ కలగలుపులో ఎంతెంత పాతనీరు ఉందో కూడా కట్టొచ్చు.

స్ట్రాటో ఆవరణంలో గాలి వయసు కూడా ఇంతే. వేడి దేశాల ట్రోపోపాజ్ దాటిన క్షణం నుంచి గడియారం మొదలు. 20 కిలోమీటర్ల ఎత్తులో మన నెత్తి మీద ఉన్న గాలికి సంవత్సరం లోపే. అదే ఎత్తులో ధ్రువాల వైపు నాలుగైదేళ్ళు. ఇంకా పైకి పోతే ఆరేళ్ళ దాకా.

దీన్ని కొలిచే ఉపాయం చక్కనిది. కరెంటు సబ్‌స్టేషన్ల స్విచ్‌గేరులో వాడే సల్ఫర్ హెక్సాఫ్లోరైడ్ అనే గ్యాసు ఏటేటా పెరుగుతూనే ఉంది, మధ్యలో ఖర్చయ్యేది బహు తక్కువ. 25 కిలోమీటర్ల ఎత్తున పట్టిన గాలిలో అది ఐదేళ్ళ కిందట నేల మీద ఉన్నంతే ఉంటే, ఆ గాలి సగటున ఐదేళ్ళ కిందట బయల్దేరినట్టు.

ఎవరి మోడల్ గొప్పది అని వాదన వస్తే నేను ఓజోన్ బొమ్మలు చూడను. ఓజోన్‌ను సర్దడానికి నలభై మరలు ఉంటాయి, ఏదో ఒకటి తిప్పి సరిపెట్టేయొచ్చు. వయసు దగ్గర దొంగలెక్క కుదరదు. గాలి ఎంతకాలం పైన తిరిగిందన్నదే తప్పితే, ఆ కాలంలో జరగాల్సిన రసాయన చర్యలన్నీ తప్పుతాయి.

మోడల్ లోపల అసలేం జరుగుతుంది?

ఆకాశాన్ని గడులుగా కోస్తాం. ప్రతి గడిలో ప్రతి గ్యాసుకూ ఒక సంఖ్య. కాలాన్ని చిన్న చిన్న అడుగులుగా కోసి ముందుకు నడుస్తాం. ప్రతి అడుగులోనూ మూడు పనులు: గాలి మోసుకుపోయింది ఎంత, పక్క గడితో కలిసింది ఎంత, రసాయనికంగా పుట్టిందీ చచ్చిందీ ఎంత. కిరాణా కొట్టు చిట్టా లాంటిదే. సరుకు వచ్చింది, పోయింది, కొంత పాడైంది, మిగిలింది ఇంత. మొత్తం కలిపితే మొదట ఉన్నదానికి సరిపోవాలి. చిట్టా రాయడం తేలికే. కోట్ల గడులకు, వంద గ్యాసులకు, ముప్పై ఏళ్ళ పాటు తప్పకుండా రాయడం కష్టం.

1970ల్లో ఇంత కంప్యూటర్ ఎక్కడిది? ధ్వనిని మించిన వేగంతో పోయే విమానాల పొగ ఓజోన్‌ను తింటుందా అన్న గొడవ వచ్చినప్పుడు ఒకే ఒక నిలువు గీత మీద, ఎత్తు మాత్రమే ఉన్న మోడల్స్‌తో నెట్టుకొచ్చారు. గాలి కదలికంతటినీ "ఇంత కలయిక" అనే ఒక్క సంఖ్యలో కుక్కేశారు. తర్వాత అక్షాంశం, ఎత్తు ఉన్న రెండు కొలతల మోడల్స్ వచ్చాయి. ఇప్పుడు మూడు కొలతలు. గాలులను బయట నుంచి తెచ్చుకుని గ్యాసులను మాత్రం మోసేవి కొన్ని, గాలినీ రసాయనాన్నీ రేడియేషన్‌నూ అన్నీ తానే లెక్కగట్టేవి కొన్ని. మొదటి రకానికి ఇంగ్లండ్‌లో లీడ్స్ యూనివర్సిటీ వాళ్ళ స్లిమ్‌క్యాట్, రెండో దానికి అమెరికాలోని ఎన్‌కార్ వారి వ్యాకమ్ పేరున్నవి.

గాలుల డేటా ఎక్కడి నుంచి వస్తుంది?

రీఎనాలిసిస్ నుంచి. ప్రపంచమంతటా బెలూన్లు, విమానాలు, ఉపగ్రహాలు కొలిచినవన్నీ ఒక వాతావరణ మోడల్‌లో కలిపి, గడిచిన ప్రతి గంటకూ ఆకాశం ఎలా ఉందో మళ్ళీ అల్లుతారు. యూరప్ వాళ్ళ ఈఆర్‌ఏ5కి అడ్డంగా గడి సుమారు 31 కిలోమీటర్లు, నిలువుగా 137 మెట్లు, 80 కిలోమీటర్ల దాకా. ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు. మనకు దగ్గర్లో తిరుపతి నుంచి చిత్తూరు పోయే దారిలో గాదంకి ఉంది. అక్కడి 53 మెగాహెర్ట్జ్ రాడార్‌కు 1,024 యాంటెన్నాలు, మామిడి తోపులో చెట్లు నాటినట్టు వరసలు తీరి ఉంటాయి. నిట్టనిలువుగా గాలి ఎంత కదులుతోందో నేరుగా చూడగలిగే రాడార్లు లోకంలో కొన్నే, అందులో ఇదొకటి.

నిలువు గాలిని డేటాలోంచి అలాగే తీసుకోకూడదా?

తీసుకోవచ్చు, తీసుకుని నేను మూడు వారాలు పోగొట్టుకున్నాను. ఆ డేటాలో నిలువు వేగం మీటర్లలో ఉండదు, పీడనం మారే రేటుగా ఉంటుంది. దానికి ఒమేగా అని పేరు. పైకి పోతే పీడనం తగ్గుతుంది కాబట్టి పైకి అంటే మైనస్. నేను ప్లస్ అనుకున్నాను. నా మోడల్‌లో ధ్రువాల మీద గాలి పైకి లేచి నెల్లూరు మీద దిగేది. మన నెత్తి మీది గాలికి ఆరేళ్ళ వయసు. రసాయన చర్యల ఫైళ్ళన్నీ విప్పి చూశాను. ఆఖరికి టీ తాగుతూ ఒక జూనియర్ కుర్రాడు "సార్, ఇది తలకిందులుగా లేదా?" అన్నాడు.

గుర్తు సరిగా పెట్టినా ఇంకో చిక్కు ఉంది. అడ్డం గాలి సెకనుకు 50 మీటర్లు, నిలువు పావు మిల్లీమీటరు. రెండు లక్షల రెట్లు తేడా. అడ్డం గాలిలో చిన్న పొరపాటు ఉన్నా ఆ మిగులు నిలువులోకి వచ్చి పడి, అసలు సంకేతాన్ని మింగేసే గోలగా మారుతుంది. ఆ గోలతో గ్యాసులు పైకీ కిందికీ లేనిపోని గెంతులు వేస్తాయి, గాలి వయసు పడిపోతుంది. పాత రీఎనాలిసిస్‌లు ఈఆర్‌ఏ-40 లాంటివి వాడినప్పుడు గాలి చాలా చిన్న వయసుది అని వచ్చింది ఇందుకే.

తప్పించుకునే దారి: ఎత్తును కిలోమీటర్లలో కాక పొటెన్షియల్ టెంపరేచర్‌లో, అంటే ఆ గాలిని నేల దగ్గరి పీడనానికి దించితే దానికి ఎంత వేడి ఉంటుందో ఆ లెక్కలో కొలవడం. వేడి ఎక్కడం గానీ దిగడం గానీ లేకపోతే గాలి ఆ పొర విడిచి పోదు. కాబట్టి నిలువు ప్రయాణం అంటే వేడెక్కే రేటే. దాన్ని రేడియేషన్ లెక్కతో కడితే గోల చాలా తగ్గుతుంది.

టైమ్ స్టెప్ ఎంత పెట్టాలి?

ఒక అడుగులో గాలి ఒక గడిని మించి దాటకూడదు, మామూలు పద్ధతుల్లో అంతే. 1928లో కూరాంట్, ఫ్రీడ్రిక్స్, లెవీ పెట్టిన షరతు ఇది. అడ్డం గడి 100 కిలోమీటర్లు, గాలి 50 మీటర్లు అయితే అర గంట. నిలువు గడి ఒక కిలోమీటరు, గాలి పావు మిల్లీమీటరు అయితే 46 రోజులు! ఆగాల్సింది అర గంట దగ్గరే.

"నకిలీ కలయిక" అని మాటిమాటికీ అంటుంటారు, ఏంటది?

పది గ్లాసులు వరసగా పెట్టండి. మొదటి దాంట్లో రంగు నీళ్ళు, మిగతా వాటిలో మంచినీళ్ళు. ప్రతిసారీ అన్ని గ్లాసుల్లోంచీ ఒకేసారి పావు వంతు పక్క గ్లాసులోకి పోస్తూ పొండి. సగటున ఒక గ్లాసు దాటడానికి నాలుగు సార్లు పడుతుంది, కాబట్టి పదో గ్లాసుకు రంగు నలభై సార్లకు దగ్గరగా రావాలి. కానీ తొమ్మిదోసారికే పలచగా వచ్చేస్తుంది. ఎందుకంటే గ్లాసులో పోసిన వెంటనే "అంతా కలిసిపోయింది" అని మనం అనుకున్నాం. నిజంగా కలవలేదు, లెక్క కలిపింది.

గడులతో పనిచేసే ప్రతి మోడల్‌కూ ఈ జబ్బు ఉంది. ఎంత ఉందో లెక్క కట్టొచ్చు. బొత్తిగా సాదా పద్ధతిలో ఈ నకిలీ కలయిక వేగం, గడి మందం ఈ రెండిటి లబ్ధంలో సగం ఉంటుంది. పావు మిల్లీమీటరు వేగం, కిలోమీటరు గడి అయితే సెకనుకు 0.125 చదరపు మీటర్లు. ఆ ఎత్తులో ప్రకృతిలో నిజంగా ఉన్న నిలువు కలయిక 0.01 నుంచి 0.1 దాకా. అంటే మన లెక్కలోని తప్పు ప్రకృతి కంటే బలమైంది. అందుకే నిపుణులు మందం తగ్గిస్తారు, లేదా గడి లోపల గ్యాసు ఏ వాలులో ఉందో కూడా మోసుకుపోయే పద్ధతులు వాడతారు.

గడులు మానేసి గాలి మూటలను వెంబడిస్తే?

అది కూడా చేస్తారు. జర్మనీలో యూలిష్ వాళ్ళ క్లామ్స్ అలాంటిదే. లక్షల గాలి మూటలను వదిలి ఏ మూట ఎక్కడికి పోయిందో చూస్తారు. ఇందులో నకిలీ కలయిక ఉండదు. నిజమైన కలయిక కూడా ఉండదు. దాన్ని మనమే విడిగా పెట్టాలి. ధ్రువపు సుడి అంచున సన్నని దారాల్లా సాగిపోయే గాలి పోగులను చూడాలంటే నాకు ఇదే ఇష్టం. రసాయనం బరువుగా ఉన్న పనికి గడులే సుఖం.

మోడల్ చెప్పింది నిజమో కాదో ఎలా తెలుసుకుంటారు?

టేప్ రికార్డర్‌తో. నవ్వకండి, దాని పేరే అది. ట్రోపోపాజ్ జనవరి, ఫిబ్రవరిలో మరీ చల్లన, కాబట్టి అప్పుడు దాటే గాలి మరీ పొడి. జులై, ఆగస్టులో కాస్త తడి. ఈ తడి-పొడి గుర్తు గాలితో పాటు పైకి పోతూ, క్యాసెట్ టేపు మీద పాట అచ్చయినట్టు పొరలు పొరలుగా కనబడుతుంది. 1996లో ఉపగ్రహం డేటాలో దీన్ని చూపించారు. మోడల్‌లో ఈ చారలు మరీ జోరుగా ఎక్కితే పైకి లేచే వేగం ఎక్కువైందని, త్వరగా మాసిపోతే నకిలీ కలయిక ఎక్కువైందని తెలుస్తుంది. ఒకే బొమ్మలో రెండు జబ్బులూ విడివిడిగా కనబడతాయి. ఇంత మంచి పరీక్ష ఇంకోటి నాకు తెలియదు.

ప్రకృతి కూడా అప్పుడప్పుడూ పరీక్ష పెడుతుంది. 1991 జూన్‌లో పినటూబో పేలి కోటిన్నర టన్నులకు పైగా సల్ఫర్ డయాక్సైడ్ పైకి పంపింది. 2022 జనవరి 15న పసిఫిక్‌లో సముద్రం లోపల హుంగా టోంగా పేలింది. అది పంపింది నీళ్ళు, సుమారు 15 కోట్ల టన్నులు. మొత్తం స్ట్రాటో ఆవరణంలో ఉన్న నీటిలో దాదాపు పదో వంతు ఒక్క రోజులో చేరింది. 2004లో ఎగిరిన ఆరా ఉపగ్రహంలోని ఎంఎల్ఎస్ పరికరం ఆ నీళ్ళు ఎటు పోయాయో రోజూ చూసింది. ఏ మోడల్ ఎంత తప్పిందో అందరికీ కనబడింది.

మా కయ్యలో చల్లిన యూరియాకీ దీనికీ సంబంధం ఏంటి?

చాలా ఉంది. యూరియా బస్తా 45 కిలోలు, అందులో 46 శాతం నత్రజని, అంటే సుమారు 20.7 కిలోలు. నీళ్ళు నిలిచిన వరి కయ్యలో ఈ నత్రజనిలో దాదాపు 0.3 శాతం నైట్రస్ ఆక్సైడ్‌గా లేచిపోతుందని అంతర్జాతీయ లెక్కల్లో వాడే అంచనా. అలా చూస్తే, గ్యాసులోని ఆక్సిజన్ బరువు కూడా కలిపి బస్తాకు సుమారు నూరు గ్రాములు. ప్రకాశం వైపు మెట్ట పైర్లకు ఒక శాతం వేస్తే 325 గ్రాములు.

ఆ గ్యాసుకు కింద శత్రువులు లేరు. నీళ్ళలో కరిగి వానతో దిగదు, కింది గాలిలో చాలా గ్యాసులను విరిచేసే హైడ్రాక్సిల్ అనే చురుకైన కణంతో కలవదు. సగటున 115-120 ఏళ్ళు బతుకుతుంది. చావాలంటే మన నెత్తి మీద 25 కిలోమీటర్ల పైకి ఎక్కి, గట్టి కిరణాలు తగలాలి. పైకి వెళ్ళినదంతా చావదు కూడా. చాలా భాగం బతికి బయటపడి, ధ్రువాల దగ్గర దిగి, మళ్ళీ కిందికి వచ్చేస్తుంది. అలా పోతూ వస్తూ ఉంటుంది. చచ్చేటప్పుడు అందులో కొంత నైట్రిక్ ఆక్సైడ్ అయి ఓజోన్‌ను తింటుంది. 1970లో శాస్త్రవేత్త క్రూట్జెన్ చెప్పింది ఇదే. 2009లో రవిశంకర బృందం లెక్కగట్టి, ఇప్పుడు మనుషులు వదిలే వాటిలో ఓజోన్‌కు ఎక్కువ చేటు చేసేది నైట్రస్ ఆక్సైడే అని తేల్చింది.

రొయ్యల గుంటలు, వరి కయ్యలు వదిలే మీథేన్ దారి వేరు. అది చాలావరకు కిందే ఖర్చవుతుంది. పైకి చేరిన కాస్త అక్కడ కాలిపోయి, ఒక్కో అణువుకు దాదాపు రెండు నీటి అణువులను ఇస్తుంది. పైపైకి పోయేకొద్దీ స్ట్రాటో ఆవరణం కాస్త తడి ఎక్కడానికి కారణం ఇది.

సీఎఫ్‌సీలు ఎక్కువగా వదిలింది ఉత్తరార్ధంలో. ఓజోన్ రంధ్రం అంటార్కిటికాలో ఎందుకు?

కింది గాలి సుమారు ఏడాదిలో రెండు అర్ధగోళాల్లోనూ కలిసిపోతుంది. ఎవరు వదిలినా అందరూ ఒకే ద్వారంలోంచి, అంటే మన నెత్తి మీదుగా పైకి పోతాయి. అంటార్కిటికా మీద శీతకాలంలో గట్టి సుడి కట్టి బయటి వెచ్చని గాలిని రానివ్వదు. మైనస్ 78 కంటే చల్లబడి మేఘాలు పుడతాయి, వాటి మీద సీఎఫ్‌సీల నుంచి వచ్చిన క్లోరిన్ జోరందుకుని ఓజోన్‌ను తింటుంది. ఉత్తర ధ్రువం సుడిని అలలు కుదిపేస్తుంటాయి కాబట్టి అంత గట్టిగా నిలవదు.

షార్ నుంచి రాకెట్లు లేచినప్పుడల్లా ఓజోన్ పోతుందా?

శ్రీహరికోట 2022 విభజనలో తిరుపతి జిల్లా లెక్కలోకి పోయినా, మా వాళ్ళకు అది ఇంకా నెల్లూరు షారే. ఘన ఇంధనం మండితే హైడ్రోజన్ క్లోరైడ్ గ్యాసు, అల్యూమినా పొడి నేరుగా స్ట్రాటో ఆవరణంలో పడతాయి, అందులో అబద్ధం లేదు. రాకెట్ పోయిన దారిలో కాసేపు ఓజోన్ తగ్గుతుంది కూడా. ప్రపంచం మొత్తం మీద చూస్తే ఇప్పటి ప్రయోగాల సంఖ్యకు ఆ ప్రభావం చాలా స్వల్పం. ప్రయోగాలు పదుల రెట్లు పెరిగితే అన్న ప్రశ్నే ఇప్పుడు మోడల్స్‌లో నడుస్తోంది.

ఇవన్నీ లెక్కగట్టి ఎవరికి ఉపయోగం?

ఒక్క ఉదాహరణ చెప్తాను. సీఎఫ్‌సీ-11 తయారీ 2010 నాటికి ప్రపంచమంతా ఆగిపోవాలి. గాల్లో అది తగ్గుతూ వచ్చింది. 2012 తర్వాత తగ్గే వేగం మందగించింది. ఎవరైనా దొంగచాటుగా తయారు చేస్తున్నారా, లేక స్ట్రాటో ఆవరణం నుంచి సీఎఫ్‌సీ తక్కువున్న పాతగాలి కిందికి రావడం తగ్గిందా? బయటి నుంచి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి. వేడి దేశాల మీద పైగాలులు సుమారు 28 నెలలకోసారి తూర్పు నుంచి పడమరకు, మళ్ళీ వెనక్కు మారుతుంటాయి. ఆ మార్పు కూడా ఈ రాకపోకలను హెచ్చుతగ్గులు చేస్తుంది. మోడల్స్‌తో ఆ వాటా తీసేసి చూశారు. అయినా లోటు పూడలేదు. 2018లో ఆ సంగతి అచ్చయింది. మరుసటి ఏడు కొలతలు, మోడల్స్ కలిపి తూర్పు చైనాలోని షాన్‌డాంగ్, హెబై ప్రాంతాల వైపు వేలు చూపించాయి. ఆ తర్వాత ఆ వదలడం బాగా తగ్గింది. ప్రయాణం లెక్క తెలియకపోతే ఆ దొంగ దొరికేవాడు కాదు.

వాతావరణం వేడెక్కితే ఈ చక్రం వేగం మారుతుందా?

మోడల్స్ దాదాపు అన్నీ వేగం పెరుగుతుందనే చెప్తాయి, దశాబ్దానికి రెండు మూడు శాతం. అంటే గాలి వయసు తగ్గాలి. 2009లో ఉత్తర మధ్య అక్షాంశాల మీద ముప్పై ఏళ్ళ బెలూన్ కొలతలు పోగేసి చూస్తే తగ్గినట్టు కనబడలేదు. కొలతలు కొద్ది, సల్ఫర్ హెక్సాఫ్లోరైడ్ చాలా పైన కొంత నశించి గాలిని ఉన్నదానికంటే ముసలిదిగా చూపిస్తుంది, ఇలా కారణాలు చాలా ఉన్నాయి. నా మటుకు నేను మోడల్స్ వైపే కాస్త మొగ్గుతాను, కానీ పందెం కాయమంటే కాయను.

ఇంట్లో ల్యాప్‌టాప్ మీద ఏమైనా చేయొచ్చా?

తప్పకుండా. పైథాన్ వస్తే ఒక ఆదివారం చాలు. 16 నుంచి 36 కిలోమీటర్ల దాకా నిలువు గీత గీసి, కిలోమీటరు మందం గడులు పెట్టండి. వేగం సెకనుకు 0.25 మిల్లీమీటర్లు, అడుగు ఒక రోజు. అడుగున నీటి ఆవిరి ఏడాదికోసారి పెరిగి తగ్గేలా పెట్టి పదేళ్ళు నడపండి. అల పైకి ఎక్కుతుంది, కానీ ఏడాది ప్రయాణం అయ్యేసరికి దాని ఎత్తులో పదో వంతుకు కాస్త అటూ ఇటూగానే మిగులుతుంది. ఇప్పుడు గడి మందం 100 మీటర్లు చేయండి. నాలుగింట మూడు వంతులకు పైగా మిగులుతుంది. కలయిక అన్న మాటే మీరు రాయలేదు, అయినా మొదటి అల ఎలా మాసిపోయిందో కళ్ళారా చూస్తారు.

నా మోడల్‌లో గాలి వయసు నెగటివ్ వస్తోంది, ఎందుకు?

ట్రోపోపాజ్ దగ్గర మాత్రమే వస్తే మీ పద్ధతి అంచుల దగ్గర గీత దాటి పోతోంది, లిమిటర్ (విలువలు హద్దు దాటకుండా పట్టి ఉంచే చిన్న లెక్క) పెట్టండి. అంతటా వస్తే కాలం లెక్కలో రోజులు, సెకన్లు కలిశాయేమో చూడండి. నెగటివ్ కాకుండా అన్నిచోట్లా మరీ తక్కువ వస్తుంటే ఇంకా ఇరవై ఏళ్ళన్నా నడపలేదేమో చూడండి, పాతగాలి తయారవడానికి టైమ్ కావాలి కదా. ఇవేవీ కాక, నెల్లూరు మీద ఆరేళ్ళు, ధ్రువం మీద ఆరు నెలలు వస్తే మాత్రం రసాయనం ఫైళ్ళు తెరవకండి. ముందు ఒమేగా గుర్తు చూడండి.